ఆపడం వేరు, ఊదమనడం వేరు

పోయిన వేసవిలో ఒక రాత్రి పదీ నలభైకి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "మామా, నాకా కాడ ఆపిన్రు. ఊదుమంటున్రు. నేను తాగలే మామా, ఒట్టు. ఊదనని చెప్పిన. ఇప్పుడు స్టేషన్‌కు నడువుమంటున్రు. పక్కన ఎవరో ఒకాయన రెండు వేలిస్తే ఇక్కడ్నే అయిపోతదంటుండు, ఇయ్యాల్నా?" అన్నాడు.

నాకా అంటే పోలీసులు బండ్లు ఆపి చూసే చోటు, ఊదమనడమంటే తాగారో లేదో తెలియడానికి మెషిన్‌లోకి గాలి ఊదమనడం. మావాడు తాగడు. ఆ సంగతి నాకు తెలుసు. నది అవతలి గట్టున దోస్తు పెళ్లికి పోయాడు. బరాత్‌లో ఎవడో ఎగురుతూ గ్లాసు వాడి చొక్కా మీద ఒలకబోశాడట. మెడ నుంచి పొట్ట దాకా తడిసి వాసన కొడుతున్న చొక్కాతోనే బండెక్కి బయలుదేరాడు. ఆ వాసన వచ్చాక ఏ పోలీసుకైనా అనుమానం వస్తుంది, రావాలి కూడా. వాడు ఊదనని మొండికేయడమే అసలు తప్పు. ఈ పోస్టు రాయాలని అప్పటి నుంచి అనుకుంటున్నా, ఇప్పటికి కుదిరింది.

మాది సిరొంచ. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, తెలంగాణ అంచు. ఒక పక్క ప్రాణహిత, ఇంకో పక్క గోదావరి, వంతెన దాటితే కాళేశ్వరం. జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలంటే అడవిలో నుంచి సుమారు 200 కిలోమీటర్లు, అదే కాళేశ్వరం గుడికి సాయంత్రం పోయి దీపం పెట్టి రాత్రి అన్నానికి వచ్చేయొచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కోర్టు కాగితం మీద మరాఠీ. నాది జిరాక్స్, ఆన్‌లైన్ పనుల దుకాణం. లైసెన్సు అప్లికేషన్లు, చలాన్లు కట్టడం, అఫిడవిట్లు టైపు చేయడం, ఇదే రోజంతా. మరాఠీలో వచ్చిన కాగితాన్ని మనవాళ్లకు తెలుగులో చదివి చెప్పీ చెప్పీ మోటారు వాహనాల చట్టంలో కొన్ని సెక్షన్లు నోటికి వచ్చేశాయి. నేను వకీలును కాను, కానీ రాసేది చట్టంలో ఉన్న మాటే.

మా దగ్గర ఈ విషయం మిగతా ఊళ్ల కంటే ఎందుకు పదునుగా ఉంటుందంటే, గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం. పక్క జిల్లా చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు, మా దగ్గర మాత్రం అలాగే ఉంది. వంతెన అవతల తెలంగాణలో షాపులు తెరిచే ఉంటాయి. అందుకని తాగాలనుకున్నవాడు నది దాటిపోతాడు, తాగి మళ్లీ నది దాటి వస్తాడు. పడవల కాలంలో తాగినవాడు రేవులో దిగి తూలుకుంటూ నడిచి ఇంటికి పోయేవాడు. ఇప్పుడు అదే మనిషి చేతిలో బండి ఉంది, ముందు ఖాళీ వంతెన ఉంది. చీకటి పడ్డాక వంతెన చివర నాకాబందీ పెడితే ఎందుకు పెట్టారని నేను ఎప్పుడూ అడగలేదు. అడగను కూడా, దానికి కారణం కింద చెప్తాను.

ముందు మేనల్లుడి సంగతి. ఫోన్‌లో నేను చెప్పింది మూడే ముక్కలు. డబ్బులు ఇవ్వకు. ఊదుతానని చెప్పు. కొత్త గొట్టం పెట్టమను, అంకె చూపించమను.

ఇందులో మనవాళ్లందరూ కలిపి కలగాపులగం చేసేది ఒకటుంది. బండి ఆపడం ఒకటి, ఊదమనడం ఇంకొకటి, అరెస్టు చేయడం మరొకటి. మూడింటికీ చట్టం వేరువేరు షరతులు పెట్టింది. బండి ఆపి లైసెన్సు అడగడానికి నీ మీద ఏ అనుమానమూ అక్కర్లేదు. 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్సు చూపించాలి, అంతే. డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న పోలీసు చెయ్యెత్తితే మాట వినాలని 119 చెబుతుంది, వినకపోతే 179 కింద జరిమానా వేయొచ్చు. కాబట్టి "నేనేం తప్పు చేశానని ఆపారు" అని అక్కడ వాదన పెట్టుకుంటే లాభం లేదు.

ఊదమనాలంటే మాత్రం ఆ పోలీసుకు కారణం ఉండాలి. అది 203వ సెక్షన్. పబ్లిక్ స్థలంలో బండి నడుపుతున్న, లేదా నడపబోతున్న మనిషి తాగి ఉన్నాడని అనుమానించడానికి సరైన కారణం ఉంటేనే, యూనిఫాంలో ఉన్న పోలీసు గానీ, అధికారం ఇచ్చిన రవాణా శాఖ అధికారి గానీ, అక్కడే లేదా దగ్గర్లో శ్వాస పరీక్షకు రమ్మనొచ్చు. సరైన కారణం అంటే ఏమిటో చట్టం పట్టిక వేసి చెప్పలేదు. బండి రోడ్డు మీద పాములా వంకర్లు పోవడం, చీకట్లో హెడ్‌లైటు లేకుండా రావడం, నాకా చూసి వెనక్కి తిప్పడం, నోట్లో నుంచో బట్టల నుంచో వాసన, మాట ముద్దముద్దగా రావడం, సీటు పక్కన తెరిచిన సీసా, ఇలాంటివి అని ఎవరికైనా అర్థమవుతుంది. మావాడి తడిసిన చొక్కా ఇందులోకి వస్తుంది. ఊదమన్న పోలీసు తప్పు చేయలేదు.

మరి పండగ రాత్రో, డిసెంబర్ 31నో వరసగా వచ్చిన ప్రతి బండినీ ఆపి ప్రతి మనిషినీ ఊదమంటారు కదా, అది చట్టమేనా అని దుకాణంలో చాలామంది అడుగుతారు. నాకు అర్థమైనంతలో చట్టంలో ఉన్న మాట ఒక్కొక్క మనిషి గురించి, వరస గురించి కాదు. అందరినీ ఆపొచ్చు, అందరి కాగితాలూ చూడొచ్చు, రెండు మాటలు మాట్లాడించొచ్చు, ఆ రెండు మాటల్లో అనుమానం వస్తే ఊదమనొచ్చు. నిజానికి ఇలా చేస్తే పోలీసులకు పని కూడా తేలిక. అలాగని నన్ను వరసలో నిలబెట్టి ఊదమంటే నేను గొడవ పెట్టుకోను, ఊది పోతాను, అర నిమిషం పని. కానీ చట్టం ఏం చెబుతుందో తెలిసి ఊదడం వేరు, భయంతో వణుకుతూ ఊదడం వేరు.

ఊదనంటే ఏమవుతుందో మావాడికి తెలియదు. అదే 203లో నాలుగో ఉప సెక్షన్, మనిషి ఊదడానికి ఒప్పుకోకపోయి, తాగాడని అనుమానించే కారణం పోలీసుకు ఉంటే, వారంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. పైగా 205 ప్రకారం, సరైన కారణం లేకుండా ఊదననడం రేపు కోర్టులో నీకే ఎదురు తిరుగుతుంది. అంటే తాగని మనిషి, సున్నా చూపించి ఒక్క నిమిషంలో ఇంటికి పోవాల్సిన మనిషి, టెన్షన్‌లో ఊదనని తనను తానే ఇరికించుకుంటున్నాడు.

ఇక ఆ రెండు వేలు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి, తాగి నడిపిన కేసుకు రోడ్డు మీద కట్టే జరిమానా అనేదే లేదు. హెల్మెట్ లేకపోతేనో, సిగ్నల్ దాటితేనో చలానా కట్టి తెంపుకోవచ్చు. 185వ సెక్షన్ అలా తెంపుకునే జాబితాలో లేదు, కోర్టుకే పోవాలి, శిక్ష ఏమిటో మేజిస్ట్రేటు చెప్పాలి. నాకా దగ్గర ఎవరైనా ఇంత ఇస్తే అయిపోతుందన్నారంటే అది చట్టం అడిగిన డబ్బు కాదు. ఆ పక్కన ఉన్నాయన ఎవరో మాకు తెలియలేదు, యూనిఫాం లేదు. ఏ నాకానో కూడా ఇక్కడ రాయను.

మావాడు ఊదాడు. ముందు కొత్త గొట్టం అడిగాడు, అక్కడి పెద్దాయన, హెడ్ కానిస్టేబుల్ అనుకుంటా, మరాఠీలో "హో, నవీనచ్ ఆహే" (అవును, కొత్తదే) అని కవర్ చింపి చూపించాడట. వేలెడంత తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. మొదటిసారి భయానికి గాలి సరిగ్గా పోలేదు, మెషిన్ తీసుకోలేదు. రెండోసారి ఆ పెద్దాయనే "ఆరామ్ సే, లాంబ్ ఫుంక్" (నిదానంగా, పొడుగ్గా ఊదు) అని చెప్పి ఊదించాడు. సున్నా. అంకె వాడి ముఖం వైపు తిప్పి చూపించాడు. చొక్కా వాసన చూసి, కథ విని, నెమ్మదిగా పో బాబూ అని పంపేశాడు. పక్కన బేరం పెట్టినాయన అప్పటికి అక్కడ లేడట.

సున్నా కాకుండా అంకె వచ్చి ఉంటే కథ ఎలా నడిచేదో కూడా చెప్తాను, ఎందుకంటే నా దుకాణానికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది సంగతి అదే. చట్టం గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. అది దాటితే 185. మొదటిసారికి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019కి ముందు మొదటిసారి జరిమానా 2,000 దాకానే ఉండేది, పాత అంకె గుర్తు పెట్టుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అరెస్టు చేస్తే, స్టేషన్‌లో మళ్లీ ఊదే అవకాశం ఇవ్వాలి. శ్వాసలో ఆల్కహాల్ కనబడితే రక్తం ఇవ్వమనొచ్చు, అది కూడా రిజిస్టర్డ్ డాక్టరే తీయాలి. ఆడమనిషి అయ్యి, వచ్చిన డాక్టరు మగవాడైతే, ఇంకో ఆడమనిషి పక్కన లేకుండా రక్తం తీయకూడదు. తన కళ్ల ముందే తాగి నడుపుతున్నాడని 202 కింద పోలీసు పట్టుకుపోతే రెండు గంటల లోపల వైద్య పరీక్ష జరగాలి, జరగకపోతే కస్టడీ నుంచి వదిలేయాలి. మా లాంటి చోట, రాత్రి డాక్టరు దొరకడమే గగనమైన చోట, ఈ రెండు గంటల మాట చాలా విలువైనది. పట్టుకున్న టైము ఎంతో ఆ మనిషి, ఇంటివాళ్లు రాసిపెట్టుకోవాలి. వదిలేయడమంటే కేసు కొట్టేసినట్టని మాత్రం అనుకోవద్దు.

కానిస్టేబుల్‌కు ఊదమనే హక్కే లేదు, ఎస్సైనే రావాలి అని వంతెన అరుగుల మీద తీర్పులు చెప్పేవాళ్లు మా ఊళ్లో చాలామంది. 203లో ఉన్నది యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అని మాత్రమే. ఎస్సై స్థాయి అన్నది 132లో వస్తుంది, అది యాక్సిడెంట్ జరిగినప్పుడు బండిని అక్కడే నిలపమని చెప్పే సందర్భం. ఈ రెండూ కలిపేసి నాకా మీద దబాయిస్తే నష్టం మనకే.

బండి సంగతి ఒకటుంది. 2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఏం చెప్పిందంటే, తాగి నడిపాడన్న ఒక్క కారణంతో పోలీసులు బండిని జప్తు చేయకూడదు, పక్కన తాగని మనిషి లైసెన్సుతో ఉంటే అతనికి ఇచ్చేయాలి, ఎవరూ లేకపోతే దగ్గరి బంధువును పిలిచి అప్పగించాలి, ఎవరూ రాకపోతే స్టేషన్‌లో భద్రంగా ఉంచి తర్వాత కాగితాలు చూసి ఇవ్వాలి. అది తెలంగాణ పోలీసులను కట్టేసే తీర్పు. వంతెనకు ఈ చివర మహారాష్ట్ర, ఇక్కడి పోలీసులకు ఆ తీర్పు కట్టుబాటు కాదు. చట్టం ఢిల్లీదే, రెండు గట్టుల మీదా ఒకటే, కానీ హైకోర్టులు వేరు. అవతల దొరికిన బండికి ఒక దారి, ఇవతల దొరికిన బండికి ఇంకో దారి అయ్యే అవకాశం ఉందని మా సరిహద్దు మనుషులు గుర్తు పెట్టుకోవాలి.

ఇంకో తేడా కూడా ఇవతల ఉంది. ఊదితే 20 వచ్చింది, 30 లోపే కదా అని ఊపిరి పీల్చుకునే లోపల డిక్కీలో రెండు సీసాలు దొరికాయనుకోండి. అది మోటారు చట్టం కాదు, 1949 నాటి మహారాష్ట్ర దారూబందీ చట్టం. మా జిల్లాలోకి పర్మిట్ లేకుండా సీసా తేవడం, దగ్గర పెట్టుకోవడం నేరమే. వెనక కూర్చున్న మనిషికి 185 తగలదు, నడిపేవాడికే తగులుతుంది, కానీ సీసా ఎవరి సంచిలో ఉంటే వాళ్లకు ఆ రెండో చట్టం తగులుతుంది. తాగినవాడని తెలిసీ "నువ్వే నడుపు" అని తాళం చేతిలో పెట్టిన దోస్తుకు కూడా 188 ఉంది, నేరానికి సాయం చేసినందుకు.

ఇప్పుడు నాకాబందీని నేను ఎందుకు తప్పు పట్టనో చెప్తాను.

2019లో మా బావ, మేనత్త కొడుకు, పొలం నుంచి సైకిల్ మీద వస్తుంటే వెనక నుంచి మోటార్ సైకిల్ గుద్దింది. గుద్దినవాడు తాగి ఉన్నాడని చూసినవాళ్లందరూ చెప్పారు, వాడు రోడ్డు పక్కన కూర్చుని వాంతి కూడా చేసుకున్నాడట. బావను జీపులో వేసుకుని నది దాటి మంచిర్యాల దాకా తీసుకుపోయాం, దారి పొడుగునా ఆయన కాలు నా ఒళ్లోనే ఉంది, ఎముక బయటికి కనబడుతోంది, కండువా చుట్టి పట్టుకున్నాను, గుంత వచ్చినప్పుడల్లా ఆయన నా మోచెయ్యి పట్టుకుని పిసికేవాడు. ఈ గందరగోళంలో గుద్దినవాడిని ఎవరూ పట్టుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్దమనుషులతో వచ్చాడు. అప్పుడు ఊదిస్తే ఏం వస్తుంది?

మనిషి రక్తంలో ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లకు గంటకు దగ్గర దగ్గర 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుందంటారు, మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. రాత్రి ఎనిమిదికి 150 ఉన్నవాడు తెల్లారి ఆరుకల్లా ఇంచుమించు సున్నాకు వచ్చేస్తాడు. (ఇదే లెక్క తిప్పి చూస్తే, అర్ధరాత్రి దాకా తాగి పొద్దున్నే ఐదుకు ఇసుక లారీ ఎక్కే డ్రైవరు నిద్రపోయి లేచాను కదా అనుకుంటాడు గానీ ఇంకా గీత పైనే ఉండొచ్చు. చన్నీళ్లు, నిమ్మరసం, చాయ్, ఏవీ దీన్ని తొందర చేయవు.) అందుకే చట్టంలో యాక్సిడెంట్ తర్వాత కూడా ఊదించే అధికారం ఉంది, గుద్దినవాడు ఆసుపత్రిలో పడి ఉన్నా సరే, చూస్తున్న డాక్టరుకు చెప్పి, ఆయన వద్దనకపోతే అక్కడే ఊదించొచ్చు. కానీ అదంతా ఆ గంటల్లోనే జరగాలి. బావ కేసులో జరగలేదు.

చూసినవాళ్లు చెప్పారు కదా, వాసన వచ్చింది కదా, అది చాలదా అని నేను చాలా రోజులు కొట్టుకున్నాను. చాలదట. 1971లోనే సుప్రీంకోర్టు బొంబాయి నుంచి వచ్చిన ఒక డ్రైవర్ కేసులో ఆ మాట చెప్పింది, సారా వాసన, తడబడే నడక, కంటిపాపలు పెద్దవవడం, మాట తేడాగా రావడం, ఇవే ఉండి రక్త పరీక్ష లేకపోతే తాగి నడిపాడని తేల్చలేమని. చదివినప్పుడు కోపం వచ్చింది. తర్వాత చొక్కా తడిసిన మా మేనల్లుడు గుర్తొస్తే, ఆ మాట లేకపోతే వాడి గతి ఏమయ్యేదో కూడా అర్థమైంది. బావకు న్యాయం జరగకపోవడానికీ, మేనల్లుడు క్షేమంగా ఇంటికి రావడానికీ మధ్య తేడా ఒక్కటే, ఆ టైముకు ఆ చోట ఒక మెషిన్ ఉండటం, దాన్ని సరిగ్గా వాడే మనిషి ఉండటం.

అందుకని నాకా ఉండాలంటాను. వంతెన రెండు చివర్లా ఉండాలి, వారానికి ఒక్క రోజు కాదు, పెళ్లిళ్ల సీజన్‌లో రోజూ ఉండాలి. మెషిన్ పని చేస్తూ ఉండాలి, గొట్టాలు చాలినన్ని ఉండాలి, అంకె నడిపేవాడికి చూపించాలి, యూనిఫాం లేనివాడు ఆ చుట్టుపక్కల నిలబడకూడదు. మనం మాత్రం తాగితే బండి తీయొద్దు, తాగకపోతే ఊదడానికి భయపడొద్దు.

ఆ రాత్రి వాడు పదకొండున్నరకు ఇంటికొచ్చాడు. అక్క అప్పటి దాకా వాకిట్లోనే కూర్చుంది. బావ కూడా మంచం మీద నుంచి లేచి కర్ర పట్టుకుని బయటికొచ్చాడు, రాడ్ వేసిన కాలు రాత్రిళ్లు ఎక్కువ లాగుతుంది ఆయనకు. వాడు జేబులో నుంచి ఆ తెల్ల గొట్టం తీసి అక్క చేతిలో పెట్టాడు, పారేయమని నాకా మీద చెప్పినా దాచుకుని తెచ్చాడు. అక్క దాన్ని దీపం వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా కొంగున కట్టుకుని, "ముందు ఆ చొక్కా విప్పు" అంది.